చెవి మిషన్ – వినడం నేర్చుకునే విద్య

– పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (భౌతికశాస్త్రం)

మన మెట్‌పల్లి, కోరుట్ల ప్రాంతంలో వినికిడి యంత్రాన్ని చెవి మిషన్ అంటాం. అది కళ్లజోడు లాంటిదేనని చాలామంది అనుకుంటారు. కళ్లజోడు పెట్టుకున్న నిమిషంలోనే బోర్డు మీది అక్షరాలు తేటగా కనిపిస్తాయి. చెవి మిషన్ సంగతి వేరు. పెట్టుకున్న మొదటి రోజు ఫ్యాను రొద, గిన్నెల చప్పుడు, పిల్లల అరుపులు, బండ్ల హారన్లు అన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. మాట మాత్రం అర్థం కాదు. చాలా ఏళ్లు సరిగా వినని మెదడుకు ఆ చప్పుళ్లలో ఏది మాటో, ఏది రొదో విడదీసుకోవడం తెలియదు. ఎవరో ఒకరు నేర్పాలి.

అందుకే ఈ యంత్రాల చరిత్రలో రెండు పాయలున్నాయి. ఒకటి శబ్దాన్ని పెద్దది చేసే ఎలక్ట్రానిక్స్. రెండోది ఆ శబ్దాన్ని మాటగా పట్టుకోవడం నేర్పే శ్రవణ శిక్షణ. మొదటిది క్యాంపుల ద్వారా మన మండలాల దాకా వచ్చింది. రెండోది హైదరాబాద్ దగ్గరే ఆగిపోయిందని నా అభిప్రాయం. మన హాస్టల్లో చదివినవారిలో టీచర్లు, నర్సులు అయ్యేవారు ఎక్కువ కాబట్టి ఈ రెండు పాయల గురించి ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

పప్పు అంటే ఉప్పు

శబ్దాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారని ఇంటర్మీడియట్‌లో చదువుకున్నాం. ప్రతి 10 డెసిబెల్స్‌కు శబ్ద తీవ్రత 10 రెట్లు పెరుగుతుంది. ఇద్దరు ఎదురెదురుగా మాట్లాడుకుంటే సుమారు 60 డెసిబెల్స్. షటిల్ మరమగ్గాల షెడ్డులో కొలిస్తే 95 నుంచి 100 దాకా ఉంటుంది. అంటే 60కీ 100కూ తేడా నలభై కాదు, తీవ్రతలో 10,000 రెట్లు. మన దేశంలో ఫ్యాక్టరీలకు పెట్టిన హద్దు రోజుకు 8 గంటలపాటు 90 డెసిబెల్స్. సిరిసిల్లలో సాంచాల మీద పనిచేసేవారు 12 గంటలు కూడా నిలబడతారు.

మా బాపు సాంచాల మనిషే. ఇంట్లో టీవీ శబ్దం పక్కింటికి వినబడుతుంది. "నాకు వినబడ్తది, మీరే మెల్లగ మాట్లాడ్తున్నరు" అంటాడు. ఆయన అన్నదాంట్లో సగం నిజముంది. రొద వల్ల వచ్చే చెవుడు మొదట 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల దెబ్బతీస్తుంది. అచ్చులు తక్కువ పౌనఃపున్యంలో ఉంటాయి కాబట్టి అవి బాగానే వినబడతాయి. స, ష, చ, త, క లాంటి హల్లులు పోతాయి. అందుకే మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నారో తెలియదు. పప్పు, ఉప్పు, కప్పు, తప్పు, చెప్పు – వీటన్నిటి తోక ఒక్కటే, తల మాత్రమే వేరు. ఆ తల వినబడకపోతే పప్పు అడిగినవారికి ఉప్పు వస్తుంది, ఇంట్లో నవ్వులాట అవుతుంది. కొన్నాళ్లకు ఆ మనిషి అడగడమే మానేస్తాడు.

ఇంగ్లండ్‌లోని లాంకషైర్ నేత మిల్లుల్లో కార్మికులు ఆ రొదలో మాట్లాడుకోవడానికి పెదవులు బాగా కదిలిస్తూ, సైగలు కలుపుతూ ఒక పద్ధతినే తయారు చేసుకున్నారు. దాన్ని మీమా అనేవారు. మన సాంచాల షెడ్డుల్లోనూ మాటకంటే చెయ్యే ఎక్కువ పనిచేస్తుంది. అయితే పెదవులు చూసి మాట పట్టుకోవడానికి ఒక హద్దుంది. అద్దం ముందు నిలబడి గొంతు రానివ్వకుండా పాట, బాట, మాట అని చూడండి. మూడూ ఒక్కలాగే కనిపిస్తాయి.

పిల్లల్లో కారణం వేరు. చెవి నుంచి చీము కారడాన్ని మన దగ్గర చిన్న విషయంగా తీసుకుంటారు. జలుబు ముక్కు వెనక గొట్టం ద్వారా మధ్య చెవిలోకి చేరి, కర్ణభేరికి చిల్లు పెడుతుంది. నూనె కాచి పోయడం, పుల్లతో గెలకడం దాన్ని ఇంకా చెడగొడతాయి. మందులతోనో, చిన్న ఆపరేషన్‌తోనో మానే చెవుడు ఇది. దీనికి వెంటనే మిషన్ అంటగట్టకుండా ముందు ఈ.ఎన్.టి. డాక్టరుకు చూపించాలి.

కార్బన్ నుంచి ట్రాన్సిస్టర్ దాకా

టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహం బెల్ వృత్తి చెవిటి పిల్లలకు మాట నేర్పడం. ఆయన తల్లికి వినబడదు, భార్యకూ వినబడదు. 1876లో ఆయన పేటెంట్ పొందిన టెలిఫోన్ నుంచే చెవి మిషన్ పుట్టింది. అమెరికాలో మిల్లర్ హచిసన్ అనే యువకుడు చెవుడు వచ్చిన తన చిన్ననాటి స్నేహితుని కోసం ఆలోచించి, 1898లో కార్బన్ పలుకుల మైక్రోఫోన్, బ్యాటరీ, టెలిఫోన్ రిసీవర్ కలిపి అకూఫోన్ తయారు చేశాడు. అది బల్ల మీద పెట్టుకోవలసినంత పెద్దది. తరువాత దాన్నే చిన్నది చేసి అకూస్టికాన్ పేరుతో అమ్మితే బ్రిటన్ రాణి అలెగ్జాండ్రా కూడా వాడింది. కార్బన్ మిషన్ ఓ మాదిరి చెవుడుకే పనికొచ్చేది, పైగా గరగర ఎక్కువ.

1920లలో వాక్యూమ్ ట్యూబులు వచ్చాయి. శబ్దం బాగా పెరిగింది. కానీ ట్యూబులోని తీగను వేడి చేయడానికి ఒక బ్యాటరీ, ప్లేటుకు ఎక్కువ ఓల్టేజి ఇవ్వడానికి మరో బ్యాటరీ కావాలి. మిషన్ జేబులో, బ్యాటరీల పెట్టె నడుముకో తొడకో కట్టుకుని తిరిగేవారు. బ్రిటన్‌లో 1948 జూలై 5న జాతీయ ఆరోగ్య సేవ మొదలైనప్పుడు మెడ్రెస్కో అనే ఈ రకం మిషన్లను ప్రజలకు ఉచితంగా ఇచ్చారు. చెవి మిషన్ ధనవంతుల వస్తువు కాకూడదని ఒక ప్రభుత్వం అంత పెద్ద ఎత్తున పూనుకోవడం అదే మొదలు.

ట్రాన్సిస్టర్ అనగానే మనకు రేడియో గుర్తుకొస్తుంది. నిజానికి 1947లో బెల్ లేబరేటరీస్‌లో పుట్టిన ట్రాన్సిస్టర్ జనం చేతికి మొదట చేరింది చెవి మిషన్‌లోనే. సోనోటోన్ కంపెనీ 1952 చివరలో తెచ్చిన మిషన్‌లో రెండు ట్యూబులు, ఒక ట్రాన్సిస్టర్ ఉన్నాయి. ధర 229 డాలర్ల 50 సెంట్లు. ట్రాన్సిస్టర్ రేడియో అమ్మకానికి వచ్చింది 1954లో. గ్రాహం బెల్ జ్ఞాపకార్థం చెవి మిషన్లు చేసే కంపెనీల నుంచి ట్రాన్సిస్టర్ పేటెంట్ రాయల్టీ తీసుకోకూడదని బెల్ సంస్థ నిర్ణయించింది. ఏడాది రెండేళ్లలోనే ట్యూబు మిషన్లు మూలపడ్డాయి. ఆ తరువాత చెవి వెనక పెట్టుకునేవి, 1996 నుంచి పూర్తిగా డిజిటల్‌వి వచ్చాయి. ఇప్పుడు సెల్‌ఫోన్‌తో కలిసేవీ ఉన్నాయి. వాటి గురించి దుకాణం వాళ్లే కావలసినంత చెబుతారు.

తీగలతో కట్టిన తరగతి

ఇక రెండో పాయ. ఇది ఎలక్ట్రానిక్స్ కంటే పాతది. 19వ శతాబ్దం మొదట్లోనే పారిస్ చెవిటి పిల్లల బడి డాక్టరు ఇటార్డ్ గంటలు, డప్పులు మోగించి పిల్లలకు తేడాలు పట్టడం నేర్పాడు. ఏ కాస్త వినికిడి మిగిలి ఉన్నా దానికి పని చెబితే పదునెక్కుతుందని ఆయన గమనించాడు. అయితే అదే శతాబ్దంలో దీనికి ఒక చెడ్డ మలుపు కూడా ఉంది. 1880లో ఇటలీలోని మిలాన్‌లో జరిగిన విద్యావేత్తల సభ బడుల్లో సైగల భాష వద్దని తీర్మానించింది. ఎన్నో దేశాల్లో చెవిటి పిల్లలు చేతులు కదిపితే దెబ్బలు తిన్నారు. వినడం నేర్పడానికి సైగలు మానిపించాలనడం నాకు న్యాయంగా తోచదు. సైగల భాష పూర్తి స్థాయి భాష. మన దేశంలోనూ భారతీయ సంకేత భాష కోసం 2015లో ఢిల్లీలో ఒక జాతీయ కేంద్రం ఏర్పడింది.

రెండో ప్రపంచ యుద్ధంలో బాంబుల మోతకు వేలమంది అమెరికా సైనికులకు వినికిడి పోయింది. వారి కోసం నడిచిన సైనిక ఆసుపత్రుల్లో రేమండ్ కార్‌హార్ట్ అనే శాస్త్రవేత్త పద్ధతి గమనించదగినది. మిషన్ ఇచ్చి ఇంటికి పంపలేదు. వారాల తరబడి అక్కడే ఉంచి, ఒక్కొక్కరికీ రకరకాల మిషన్లు పెట్టి చూసి, నిశ్శబ్దంలో వినడం, రొదలో వినడం, పెదవులు చూడడం, టెలిఫోన్‌లో మాట్లాడడం అన్నీ సాధన చేయించారు. ఆడియాలజీ అనే శాస్త్రం అక్కడి నుంచే నిలదొక్కుకుంది.

బడుల్లోకి గ్రూప్ హియరింగ్ ఎయిడ్ వచ్చింది. టీచరు ముందు మైకు, మధ్యలో ఆంప్లిఫయర్, ప్రతి బల్లకూ తీగ, ప్రతి పిల్లవాడికీ హెడ్‌ఫోన్. శబ్దం చాలా బాగుండేది, కానీ పిల్లవాడు లేచి బోర్డు దగ్గరికి పోవాలంటే హెడ్‌ఫోన్ తీసేయాలి, అంటే మళ్లీ నిశ్శబ్దం. దీనికి విరుగుడు ఫారడే 1831లో కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణలో దొరికింది. గది చుట్టూ ఒక తీగ చుట్టి అందులో మైకు నుంచి వచ్చే విద్యుత్తును పంపితే గది నిండా మారే అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. పిల్లవాడి మిషన్‌లో ఉన్న చిన్న తీగచుట్ట దాన్ని పట్టుకుని మళ్లీ శబ్దం చేస్తుంది. పిల్లవాడు గదిలో ఎక్కడ తిరిగినా టీచరు గొంతు వినబడుతుంది. పాత జేబు మిషన్ ఎవరిదైనా ఉంటే దాని స్విచ్ చూడండి. ఆఫ్, ఎమ్‌తో పాటు టి అనే గుర్తు ఉంటుంది. అది ఆ తీగచుట్టదే. దాన్ని పొరపాటున టి మీద పెట్టుకుని, మిషన్ చెడిపోయిందనుకునేవారు మన దగ్గర తక్కువేం కాదు.

తరువాత ఎఫ్.ఎం. మైకులు వచ్చాయి. టీచరు మెడలో చిన్న ట్రాన్స్‌మీటర్, పిల్లవాడి దగ్గర రిసీవర్. ఇది ఎందుకంత అవసరమంటే, దూరం రెట్టింపైన ప్రతిసారీ గొంతు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. మొదటి బెంచీలో 1 మీటరు దూరాన 65 ఉన్న గొంతు 4 మీటర్ల దూరంలో 53కు పడిపోతుంది. ఫ్యాను రొద, పక్క క్లాసు అల్లరి మాత్రం అక్కడా అంతే ఉంటాయి. మామూలు చెవి మిషన్ గొంతునూ రొదనూ కలిపే పెంచుతుంది. వినబడని పిల్లవాడిని ముందు బెంచీలో కూర్చోబెట్టమనడం దయతో చెప్పే మాట కాదు, లెక్క చెప్పే మాట.

మన దాకా వచ్చింది ఎంత

మన దేశంలో ఈ విద్యకు పెద్ద సంస్థలు మూడు గుర్తుంచుకోవాలి. మైసూరులో 1965లో ఏర్పడిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఒకటి. కాన్పూరులో 1972లో స్థాపించిన కృత్రిమ అవయవాల తయారీ సంస్థ అలిమ్కో రెండోది. క్యాంపుల్లో ఇచ్చే మిషన్లు చాలావరకు దీనివే. మూడోది 1983లో ముంబైలో ప్రారంభమైన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ. ఈ పేరు మన హైదరాబాద్‌దే. అలీ యావర్ జంగ్ హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్‌గా చేసి, తరువాత మహారాష్ట్ర గవర్నర్ అయ్యారు. ఆ సంస్థ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో ఉంది. కోఠిలోని ప్రభుత్వ ఈ.ఎన్.టి. ఆసుపత్రి, 1977 నుంచి సికింద్రాబాద్‌లో నడుస్తున్న స్వీకార్ కూడా తెలిసినవే. మెట్‌పల్లి నుంచి ఇవన్నీ 200 కిలోమీటర్ల దూరం.

1981లో కేంద్ర ప్రభుత్వం అడిప్ పథకం పెట్టి తక్కువ ఆదాయం ఉన్నవారికి మిషన్లు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. మంచి పథకం. కానీ క్యాంపు అంటే ఒక రోజు పని. నాకు తెలిసిన ఒక పిల్లవాడికి ఆరో తరగతిలో ఇలాంటి క్యాంపులో జేబు మిషన్ వచ్చింది. ఫొటో తీశారు. మిషన్ చొక్కా జేబులో, తీగ చెవి దాకా. చొక్కా రాసుకున్నప్పుడల్లా చెవిలో బరబర. అతని చెవి కొలత తీసి అచ్చు చేయలేదు, డబ్బాలో వచ్చిన రబ్బరు బిరడానే పెట్టారు. అది వదులుగా ఉండడంతో బయటికి కారిన శబ్దం మళ్లీ మైకులోకి పోయి కుయ్యిమని కూత. క్లాసంతా నవ్వేది. పెన్సిల్ సెల్ అయిపోతే కొనే దిక్కు లేదు. నెల తిరగకముందే మిషన్ ట్రంకుపెట్టెలో చేరింది. ఆ పిల్లవాడిని అందరూ మొద్దు అన్నారు. లెక్కల్లో అతనే ముందుండేవాడు, ఎందుకంటే లెక్కలు బోర్డు మీద ఉంటాయి. డిక్టేషన్‌లో సున్నా.

ఆ మిషన్‌లో ఏ లోపమూ లేదు. దాని వెనక రావలసిన మనిషి రాలేదు. అచ్చు తీసేవారు, పిల్లవాడి చెవి పెరిగే కొద్దీ అచ్చు మార్చేవారు, రోజుకు గంటతో మొదలుపెట్టి అలవాటు చేయించేవారు, తల్లికి చెప్పేవారు. పథకం కాగితాల్లో మిషన్‌కు లెక్క ఉంటుంది, ఈ పనికి ఉండదు.

లెక్క రాసిన ఒక సందర్భం మాత్రం మన రాష్ట్రంలోనే ఉంది. దాని కంటే ముందు కాక్లియర్ ఇంప్లాంట్ గురించి రెండు మాటలు. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారపు కాక్లియాలో సుమారు 15,000 రోమకణాలుంటాయి. అవి పూర్తిగా చనిపోతే ఎంత పెద్ద శబ్దం పంపినా లాభం లేదు. నేరుగా నాడికే విద్యుత్తు ఇవ్వాలి. 1957లో పారిస్‌లో జూర్నో, ఏరీస్ అనే ఇద్దరు దీన్ని మొదట చేసి చూశారు. ఆస్ట్రేలియాలో గ్రేమ్ క్లార్క్ అనేక ఎలక్ట్రోడ్లున్న పరికరం కోసం పూనుకున్నాడు. ఆయన తండ్రి మందుల దుకాణం నడిపేవాడు, చెవుడు వల్ల కొనేవారి మాటలు పట్టలేక ఇబ్బంది పడేవాడు. నత్తగుల్ల మెలికల్లోకి తీగ ఎలా పంపాలో తెలియక, 1977లో సముద్రం ఒడ్డున ఒక గవ్వలోకి గడ్డిపోచలు దూర్చి చూస్తే, మొన మెత్తగా మొదలు గట్టిగా ఉన్న పోచ మెలిక తిరుగుతూ లోపలికి పోయింది. తీగనూ అలాగే చేయించి 1978 ఆగస్టు 1న మెల్‌బోర్న్‌లో మొదటి ఆపరేషన్ చేశాడు.

మన విశాఖపట్నంలో టార్పెడోల మీద పనిచేసే నౌకాదళ శాస్త్ర సాంకేతిక ప్రయోగశాల, అబ్దుల్ కలాం గారి ప్రోత్సాహంతో, చవకైన స్వదేశీ కాక్లియర్ ఇంప్లాంట్ తయారీకి పూనుకుంది. దిగుమతి పరికరానికి లక్షలు పోయాలి, దాన్ని లక్ష రూపాయల ప్రాంతానికి తేవాలన్నది ఆశయం. 2014లో సవరించిన అడిప్ పథకంలోనే ఒక్కో ఇంప్లాంట్‌కు 6 లక్షల దాకా పెట్టారంటే ఖర్చు ఎంతో తెలుస్తుంది.

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీలో పుట్టుకతో వినబడని చిన్నపిల్లలకు ఈ ఆపరేషన్‌ను చేర్చారు. చికిత్సల పట్టికలో ఆపరేషన్‌తో పాటు ఆ తరువాతి శ్రవణ శిక్షణను కూడా వేరే అంశంగా రాసి, దానికి విడతలవారీగా డబ్బు కేటాయించారు. పిల్లవాడు శిక్షణకు వస్తేనే తరువాతి విడత. నేర్పే పని కూడా చికిత్సేనని ఒప్పుకుని దానికి డబ్బు కట్టడం నా దృష్టిలో ఆపరేషన్ కంటే పెద్ద సంగతి. జేబు మిషన్‌కూ ఇదే పద్ధతి ఎందుకు పెట్టకూడదు? చెవి అచ్చుకు, పది రోజుల శిక్షణకు అయ్యే ఖర్చు ఇంప్లాంట్ ఖర్చులో ఎన్నో వంతు? అయితే ఈ శిక్షణ కేంద్రాలు పట్నాల్లోనే ఎక్కువ. వారానికి రెండుసార్లు బిడ్డనెత్తుకుని బస్సెక్కే తల్లికి ఆ రోజుల బీడీల కూలి ఎవరిస్తారో పట్టికలో రాయలేదు.

మనం చేయగలిగేది

సికింద్రాబాద్ పోయేలోగా ఇంట్లో, బడిలో చేయగల పని ఉంది. డేనియల్ లింగ్ అనే శాస్త్రవేత్త చెప్పిన ఆరు ధ్వనుల పరీక్ష అందులో ముఖ్యమైనది. దానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. మ్, ఊ, ఆ, ఈ, ష్, స్ – ఇవే ఆ ఆరు ధ్వనులు, ఆరూ మన తెలుగులో ఉన్నాయి. మాటలోని శబ్దాలన్నీ పరచుకున్న పరిధిని ఇవి కింది కొస నుంచి పై కొస దాకా తాకుతాయి. మ్, ఊ అడుగున ఉంటాయి, ఆ మధ్యలో, ష్ దానిపైన, స్ అన్నిటికంటే పైన 4,000 హెర్ట్జ్ దాటి ఉంటుంది.

పిల్లవాడికి మిషన్ పెట్టి, అతని వెనక ఒక మీటరు దూరంలో నిలబడండి. ముందుంటే పెదవులు చూసి చెప్పేస్తాడు. మామూలు గొంతుతో ఒక్కో ధ్వని అనండి, ఒకటికీ మరోదానికీ మధ్య ఎడం ఒకేలా ఉండకూడదు, లేకపోతే లెక్కబెట్టి చెబుతాడు. చిన్నపిల్లలైతే వినబడినప్పుడల్లా ఒక చింతగింజ డబ్బాలో వేయమనాలి. పెద్దవాళ్లు ఆ ధ్వనిని తిరిగి అనాలి. తరువాత రెండు మీటర్లు, మూడు మీటర్లు. ఏ దూరంలో ఏది పోయిందో నోటుబుక్‌లో రాయండి. నిన్నటి దాకా వినబడిన ష్ ఇవాళ వినబడకపోతే సెల్ అయిపోయిందనో, అచ్చులో గులిమి చేరిందనో, చెవి మళ్లీ కారుతోందనో అర్థం. ఇది రోజూ పొద్దున్నే ప్రేయర్‌కు ముందు రెండు నిమిషాల పని.

తరువాతి మెట్టు తేడా పట్టడం. మొదట బాగా వేరుగా ఉన్నవి – డప్పు, గంట. తరువాత పొట్టి మాట, పొడుగు మాట – ఆవు, అంగన్‌వాడీ. ఆపైన ఒక్క హల్లు తేడా ఉన్నవి – కాలు, పాలు, వేలు, తేలు. ఆ వస్తువుల బొమ్మలు ముందు పరిచి, నోటికి పుస్తకం అడ్డం పెట్టుకుని పేరు చెబితే చూపించాలి. చివరిది మాట విని అర్థం చేసుకుని బదులివ్వడం. ఇంట్లో వంట చేస్తూ, పసుపు ఆరబోస్తూ తల్లి బిడ్డతో ఆగకుండా మాట్లాడడం కూడా శిక్షణే.

పసిపిల్లల విషయంలో వయసే అన్నిటికంటే ముఖ్యం. మూడు, మూడున్నర ఏళ్లు దాటాక మెదడులో వినికిడి స్థానాన్ని చూపు వగైరాలు ఆక్రమిస్తాయి. "మేనమామకు కూడా మాటలు ఆలస్యంగానే వచ్చినయి" అని ఆగిపోకూడదు. పుట్టిన కొద్ది రోజులకే నొప్పి లేకుండా పరీక్షించవచ్చు. ఆరోగ్యంగా ఉన్న కాక్లియా శబ్దం వినడమే కాదు, తిరిగి చాలా సన్నని శబ్దం బయటికి పంపుతుందని 1978లో డేవిడ్ కెంప్ లండన్‌లో కనిపెట్టాడు. పసికందు నిద్రపోతుండగా చెవిలో చిన్న గొట్టం పెట్టి ఆ శబ్దాన్ని పట్టుకుంటారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టు చెవుడును గుర్తించడం ఒక అంశం. అంగన్‌వాడీకి, బడికి వచ్చే ఆ బృందాన్ని అడగవచ్చు.

ఇక మిషన్ వాడేవారి కోసం. రాత్రి తీసిన తరువాత సెల్ బయటికి తీయండి, లేకపోతే కారి లోపల తుప్పు పడుతుంది. వానాకాలంలో మూత గట్టిగా ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో పాటు పెట్టండి. కొత్త చెప్పుల డబ్బాల్లో దొరికే పొట్లమే. అచ్చును మిషన్ నుంచి విడదీసి గోరువెచ్చని సబ్బునీళ్లలో కడిగి పూర్తిగా ఆరాక తగిలించండి. కూత వస్తే వాల్యూమ్ తగ్గించడం మందు కాదు, అచ్చు మార్చాలి. మిషన్ ఇచ్చిన క్యాంపు కాగితం, డాక్టరు ఇచ్చిన ఆడియోగ్రామ్ పారేయకండి. 2016 చట్టం ప్రకారం వికలత్వ సర్టిఫికెట్‌కు, 40 శాతం, ఆపైన ఉన్నవారికి ఉన్నత విద్యలో 5 శాతం, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్‌కు అవి ఆధారం. ఆ 4 శాతంలో ఒక శాతం వినికిడి లోపం ఉన్నవారిది.